చెన్నబసప్ప పచ్చ గిన్నె

మా చిన్నాయన చెన్నబసప్పకు పచ్చరంగు పిచ్చి పట్టించింది ఒక పళ్ళెం. జహీరాబాద్‌లో కుమ్మరి పని చేసుకునే మనిషి, నవాబుగారి దేవిడీలో నీళ్ల రంజన్లు దింపి బుద్ధిగా ఇంటికి రావచ్చు కదా! అక్కడి వంటాయన చూపించిన ఘోరీ అనే పాతకాలపు పింగాణీ పళ్ళెం ముందు కూలబడ్డాడు. లేత జొన్నాకు రంగు, పైన నున్నటి మెరుపు. విషం వడ్డిస్తే అది పగిలిపోతుందని వంటాయన గొప్పలు పోయాడు. విషం సంగతి మా చిన్నాయనకెందుకు? చచ్చేలోపు అలాంటి గిన్నె ఒక్కటి తన చేత్తో చేయాలి, అంతే.

పచ్చగాజులు దంచి, బూడిద కలిపి పూస్తే ఆ మెరుపు వస్తుందని ఎవడు చెప్పాడో, వాడి నోట్లో మన్ను! ఇక వాడకట్టులో ఆడవాళ్ల చేతులు చూస్తూ తిరిగాడు. ఆయన వస్తుంటే అందరూ చేతులు కొంగులో దాచుకునేవారు.

"నేను బతికుండంగ నా ఇంట్ల గాజులు దంచుతవా?" అని మా చిన్నమ్మ నాగవ్వ లేచేది.

"జర ఆగవే, పగిలినయే గద!"

పందొమ్మిది వందల అరవై రెండు వేసవిలో మా వాడకట్టు అనంతమ్మ బిడ్డ పెండ్లి వచ్చింది. కుమ్మరింటి నుంచి డప్పులతో ఐరేని కుండలు పోనిదే పెండ్లి కాదు. చిన్నమ్మ మాటిచ్చింది. ఈ మహానుభావుడేమో కుండలు కాల్చే ఆవంలో, పెద్ద ఐరేని కుండ మూతి మీద తన గిన్నెను దొంగతనంగా పెట్టాడు.

ఆవం విప్పితే గిన్నె పచ్చగా నిగనిగలాడింది. కానీ కరిగిన గాజు కిందికి జారి, గిన్నె కుండకు అతుక్కుపోయింది. గిన్నె పగలగొడితే తప్ప కుండ దక్కదు. అప్పటికే డప్పులు గల్లీ మలుపు తిరిగాయి. చిన్నాయన కుండలు చరిచే చెక్క ఎత్తాడు. చెయ్యి ఆడలేదు పాపం.

చిన్నమ్మ చెక్క లాక్కుంది. గిన్నెను చూసింది, ఆయన మొహం చూసింది. చెక్క అవతల పడేసి, గిన్నెతో సహా కుండను నెత్తికెత్తుకుంది.

"ఇదేందే నాగవ్వా, మూత ఊడుతలేదు?" అంది అనంతమ్మ.

"కొత్త తీరు. పెండ్లి కుండ మూత ఎవరన్న తీస్తరా?"

"అవ్వో, ఎంత మంచిగున్నదే!"

గిన్నె డప్పులతో వెళ్లిపోయింది. చిన్నాయన వెనకే పోయి, పెండ్లింట్లో దాని ఎదురుగా కూర్చున్నాడు. తిండి ముట్టలేదు. "పెండ్లిపిల్లను చూడకుండ కుండను చూస్తుండేంది ఈయన!" అని ఆడవాళ్లు నవ్విన నవ్వు నవ్వకుండా నవ్వారు.

పెండ్లికి గాజులాయన వచ్చి ముత్తయిదువలందరికీ కొత్త గాజులు వేశాడు. వాళ్లు తీసేసిన పాతవాటిని చిన్నమ్మ ఒక్కొక్కరినీ అడిగి పోగేసింది. కొంగు విప్పి ఆయన ఒళ్లో పోసింది. ఆయన అంతమందిలో బావురుమన్నాడు.

"ఏడ్వకు, పో, దంచుకో. ఈసారి ఇంకోళ్ల కుండ మీద పెట్టినవో, నీ నెత్తి పగులుతది."