మాబున్నీసా అడిగిన సెలవు

మాబున్నీసా ఇటలీ వెళ్ళొచ్చింది. రాయచోటి పక్కన ఆమె పల్లెలో ఈ మాట ఎవరూ నమ్మలేదు. గల్ఫ్ అంతా వాళ్ళకు కువైటే కాబట్టి, అందులోనే ఏదో పేట అయివుంటుంది అనుకున్నారట.

తొంభై ఆరు ఎండాకాలంలో, దోహాలో మేమిద్దరం పనిచేసే ఇంటి యజమాని కుటుంబం ఇటలీలో ఒక పెద్ద చెరువొడ్డున ఉన్న చిన్న ఊళ్ళో హోటల్లో దిగింది. చంటివాడిని చూసుకోవడానికి ఆమెను తీసుకెళ్ళారు. డ్రైవర్‌ని, నాతో పనిలేదన్నారు. నేను దోహాలోనే ఉండి, ఎవరూ ఎక్కని కారును రోజూ తుడిచాను.

వాళ్ళు తిరిగొచ్చాక ఒకరోజు కూరగాయల మార్కెట్‌కి వెళ్తూ అడిగాను.

"ఏంటక్కా, ఇటలీ అంతా చూసొచ్చావా? పాలరాతి బొమ్మలూ అవీనూ?"

"బొమ్మలు యాడ సూసేది నాయనా. పిల్లోనికి కడుపు చెడిపాయె. ఆ రూములోనే ఉంటిమి. ఒక్క దినం మాత్రం సెలవు దొరికె."

ఆమె చెప్పింది ఆ ఒక్క దినం గురించే. భర్త దస్తగిరి లారీ మీంచి పడి నడుం విరిగాక ఆమె ఈ ఇంటికి వచ్చింది. అప్పట్నుంచి ఒక్క సెలవు లేదు. నాకు శుక్రవారం మధ్యాహ్నం నుంచి డ్యూటీ ఉండదు. ఆమెకు అదీ లేదు. ఇంట్లో పనిచేసే ఆడమనిషికి సెలవేమిటి, తీసుకుని ఎక్కడికి పోతుంది అన్నది ఇక్కడి వాళ్ళ ఆలోచన. మా రాజోలులోనూ ఇదే ఆలోచన. కాబట్టి అరబ్బుల్ని మాత్రమే తిడదామన్నా కుదరదు.

ఆ రోజు అక్కడ పొద్దున్నే వాన పట్టుకుంది. వాన పడితే మనం తలుపులు వేసుకుంటాం. ఖతార్ వాళ్ళు పిల్లాపాపల్తో బయల్దేరతారు. మేడమ్ అన్నగారి కుటుంబం కూడా వచ్చి ఉండటంతో అంతా కలిసి కొండ మీదికి వాన చూడ్డానికి వెళ్ళారు. ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నా ఈమెకు కార్లో చోటు లేకపోయింది. "నువ్వుండు, ఇవాళ పనేం లేదు" అని మేడమ్ అద్దం ఎత్తేసింది.

పని లేదంటే ఏం చేయాలో తెలీక, ఈమె మంచాల మీది దుప్పట్లు మడవటం మొదలుపెట్టింది. ఇంతలో గదులు ఊడ్చే ఆమె వచ్చింది. అది తన పని అన్నట్టు దుప్పటి అందుకుంది.

"ఒక కొస ఆమె పీకతాది, ఒక కొస నేను పీకతా. ఆమెకు నవ్వొచ్చె, నాకూ నవ్వొచ్చె. కడాకు నన్ను గూట్లోంచి కోడిని తోలినట్టు తోలె. కిందికి పోయి గొడుగు తెచ్చిచ్చె."

ఆ గొడుగేసుకుని ఆమె చెరువొడ్డున నడిచింది. పడవల మీద పట్టాలు కప్పి ఉన్నాయి. దుకాణాలు సగం మూసి ఉన్నాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు.

"చంకలో పిల్లోడు లేడు, చేతిలో పాలసీసా లేదు. ఇంగో చెయ్యి ఏం జేయల్లో తెల్లేదు హరీ. ఊపుకుంటా నడిస్తే సిగ్గాయె."

పడవలెక్కే చోట రేకుల కింద కూర్చుని, నీళ్ళలో వాన పడటం చూసింది. మొదట్లో ఊరికే పిల్లవాడి ఏడుపు వినబడినట్టయ్యేదట. తర్వాత వినబడలేదు. ఆకలైతే కొంగులో తెచ్చుకున్న రొట్టె తింది. వాళ్ళందరూ తిన్నాక కాదు, ఆకలైనప్పుడు. ఈ మాట ఆమె ప్రత్యేకంగా చెప్పింది.

మధ్యాహ్నం దాటాక ఆ హోటలామె సైకిల్ మీద అటుగా వచ్చింది. పనిబట్టలు తీసేసి పూలరవిక తొడుక్కుంది. పెదాలకు రంగు వేసుకుంది. గంట మోగించి, చెయ్యూపి, వానలో వెళ్ళిపోయింది.

"ఆమె గూడా నా మాదిరి పనిమనిషే గదా?"

"ఆమె వాళ్ళ దేశంలో ఉందక్కా. నీ పాస్‌పోర్టేమో యజమాని బాబా బీరువాలో ఉంది."

"పుస్తకాలు సదివి సదివి, ఏదీ కాదని చెప్పేది మాత్రం నీకు బాగా వచ్చె" అంది.

ఆ వారమే ఆమె అడిగింది. మేడమ్, అత్తగారు వరండాలో టీ తాగుతున్నారు. నేను నీళ్ళ క్యాన్లు దించుతున్నాను. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు నుంచి పొద్దుగూకాక వినబడే మగ్రిబ్ అజాన్ దాకా సెలవు కావాలని వచ్చీరాని అరబ్బీలో అడిగింది.

"ఎక్కడికి పోతావు? నీకిక్కడ ఎవరున్నారు?" అంది ముసలమ్మ.

"ఎవరూ లేరు మామా." అరబ్బీలో మామా అంటే అమ్మ.

"మరి దేనికి?"

"కూసోడానికి."

ముసలమ్మ నా వైపు చూసింది. అంత దగ్గర్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఇంకో క్యాన్ దించడానికి వంగాను.

మేడమ్ మంచిదే. కాసేపు ఆలోచించి, "సరే, డ్రైవర్ వక్రా తీసుకెళ్తాడు. సముద్రం చూసి రా. చంటివాణ్ణి కూడా తీసుకెళ్ళు, వాడికీ గాలి తగులుతుంది" అంది.

హమ్మయ్య, దొరికింది అనుకున్నాను.

"పిల్లోడుంటే అది డ్యూటీ, మేడమ్. నేను ఇంట్లోనే ఉంటా" అంది మాబున్నీసా.

ముసలమ్మ గ్లాసు కింద పెట్టేసింది. మేడమ్ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ముందున్న వంటామె ఎదురు సమాధానం చెప్పిందనే విమానం ఎక్కించారు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"దొరికినదాన్ని కాలదన్నుకున్నావు కదక్కా. ఇప్పుడు టిక్కెట్ కొట్టి పంపేస్తారు" అన్నాను.

"పంపనీలే. అప్పుడన్నా ఒక దినం ఊరికే కూసుంటా" అంది. కానీ ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని ఉదయం ముట్టని ఆమె గిన్నె చూసి తెలిసింది.

తర్వాత రెండు శుక్రవారాలు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూడో శుక్రవారం అసర్ అయ్యాక, నాకు డ్యూటీ లేని పూటే అయినా, మేడమ్ నన్ను కేకేసింది. వెళ్ళేసరికి ఆమె చంటివాణ్ణి మాబున్నీసా చంకలోంచి తీసుకుంటోంది. వాడు గుక్కపట్టి ఏడుస్తూ మాబున్నీసా వైపే చేతులు చాస్తున్నాడు. ఒక చేత్తో తల్లి జుట్టు పీకాడు. కన్నకొడుకును ఎలా ఎత్తుకోవాలో తెలీక మేడమ్ మొహం ఎర్రబడింది. ఆ ఇంట్లో వాళ్ళ మీద నాకు జాలి కలగడం అదే మొదలు.

"యల్లా, వెళ్ళు. నేను మనసు మార్చుకోకముందే వెళ్ళు" అంది మేడమ్.

మాబున్నీసా కదల్లేదు. వాడు ఇంకోసారి చేతులు చాచాడు. ఎత్తుకుంటుందనే అనుకున్నాను. ఆమె బురఖా సర్దుకుని వచ్చి కారెక్కింది. ఏడుపు గేటు దాటేదాకా వినబడింది. ఆమె వెనక్కి చూడలేదు కానీ, దారి పొడుగునా ముక్కు చీదుతూనే ఉంది.

వక్రాలో చేపల పడవలు దాటాక దింపమంది. నేనూ దిగబోయాను.

"నువ్వు దూరం పో నాయనా. నువ్వుంటే ఏదో ఒకటి మాట్లాడల్ల గదా."

కారు వెనక్కి తీసుకెళ్ళి ఆపాను. ఇసకలో కూర్చుంది. అంతే, ఇంకేమీ చేయలేదు. పొద్దు వాలింది. అజాన్ అయ్యేలోపు ఇంటికి చేరాలన్న భయంతో నేను హారన్ కొట్టాను. ఆమె లేవలేదు. మళ్ళీ కొట్టాను.

"ఏంటికట్ల కొట్టుకుంటాండావు? మగ్రిబ్ దాకా గదా నేనడిగింది" అని అరిచింది, నా వైపు తిరక్కుండానే.

ఇంజన్ ఆపేశాను.