మెట్టు దగ్గర విప్పించిన బూట్లు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే, అందులో తల ఎత్తి కనిపించేది బూట్ల సంగతి. మిగతావి చెప్పుకుని నవ్వుకోవచ్చు. ఇది చెప్పుకుంటే చెప్పుదెబ్బ తిన్నట్టుంటుంది.

అప్పుడు నేను అల్లవరం వైపు ఒక ఊళ్ళో బోర్డు స్కూలు తెలుగు మాస్టర్ని. స్వరాజ్యం వచ్చిన నాలుగైదేళ్ళకి, యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకుని తిరిగొచ్చినవాళ్ళని గౌరవించే రోజు ఒకటి జరపాలని అమలాపురం నుంచి కాగితం వచ్చింది. మా ఊరి నుంచి పటాలానికి వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఒకాయన బర్మా నుంచి తిరిగొచ్చాడు. రెండో అతను రాలేదు. అతని తల్లి మాత్రం ఊళ్ళోనే ఉంది.

తిరిగొచ్చినాయన గురించి ఊళ్ళో గౌరవం కంటే గుసగుసలెక్కువ. కారణం ఆయన బూట్లు. పొలం గట్టు మీదా బూట్లే, పడవల రేవు దగ్గరా బూట్లే. పెళ్ళికి పిలిస్తే పందిట్లోకి రాడు, బయట నిలబడే తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోతాడు. ఎవరింటికెళ్ళినా అరుగు చివర కాళ్ళు కిందకి వేలాడేసి కూచుంటాడు. "బూట్ల దొర" అని పేరు పెట్టారు. ఊరంతా పొగరనుకుంది. నేను చదువుకున్నవాణ్ణి కనక అహంకారం అనుకున్నాను. అంతే తేడా.

సభకి పిలవడానికి నేనే వెళ్ళాను. ఆయన తోటలో కొబ్బరి మొక్కలకి పాదులు చేస్తున్నాడు.

"సన్మానాలూ దండలూ ఎందుకండి మాస్టారూ. జెండా ఎగరేసినప్పుడు ఒక్క సెల్యూట్ చేస్తానండి, అంతే. పెద్దమ్మ కూడా వస్తాది కదండీ. వాళ్ళబ్బాయీ నేనూ ఒక్కరోజే చేరేం. వాడి బదులూ నేనే నిలబడాలి. ఆవిడ చూస్తుండగా తిన్నగా నిలబడాలండి."

తిన్నగా నిలబడ్డం ఏం గొప్ప, మా పిల్లలు రోజూ బెంచీ ఎక్కి నిలబడుతూనే ఉన్నారు కదా అని మనసులో హాస్యమాడుకుంటూ తిరిగొచ్చాను.

బడి ఆవరణలో ఆరు బల్లలు కలిపి వేదిక వేయించాను. దాని మీద దేశమాత పటం పెట్టి దీపం అమర్చాను. మెట్టు పక్కన నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో "వేదికపైకి పాదరక్షలు విడిచి రావలెను" అని రాశాను. దీపం ఉంది కనక రాశానని అందరికీ చెప్పాను. దొరగారికి కాస్త వినయం నేర్పుదామన్న సరదా కూడా ఉందని ఇవాళ మీకు చెబుతున్నాను.

ముందుగా పంచాయితీ ప్రెసిడెంటుగారు వచ్చారు. ఊళ్ళో సగం తోటలు ఆయనవే. కిర్రు చెప్పులతో మెట్టు దాకా వచ్చి, నల్లబల్ల చదివి, "దస్తూరీ ముత్యాల్లా ఉందండి మాస్టారూ" అని మెచ్చుకుని, ఆ చెప్పులతోనే కిర్రుకిర్రుమంటూ పైకెక్కి కూచున్నారు. నేను నమస్కారం పెట్టాను.

తరవాత ఆయన వచ్చాడు. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుంది. బూట్లు నిగనిగలాడుతున్నాయి. మెట్టు దగ్గర ఆగి, బల్ల చదివి, నా వైపు వంగి నెమ్మదిగా అడిగాడు.

"మాస్టారూ, ఇవి ఉంచుకోవచ్చాండి?"

పైన కిర్రు చెప్పులు నా కళ్ళెదురుగానే ఉన్నాయి. అయినా నా నోట వచ్చిన మాట ఇది: "రూలు అందరికీ ఒకటేనండి."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు.

"ఆయ్" అన్నాడు.

మెట్టు మీద కూచుని తాళ్ళు విప్పాడు. కుడి బూటు మామూలుగానే వచ్చింది. ఎడమది లాగేసరికి, గుడ్డలో చుట్టిన కొబ్బరిపీచు ఉండ ఒకటి నేల మీద పడింది. ఆ వెనక వచ్చిన పాదం సగమే ఉంది. వేళ్ళు లేవు. వేళ్ళుండాల్సిన చోట చర్మం ముడతలు పడి మెరుస్తోంది.

"బూటు నిండా పీచేరోయ్" అన్నాడెవడో వెనక నుంచి. కొందరు నవ్వారు. ప్రెసిడెంటుగారు పై నుంచి తొంగి చూసి, "కోనసీమ కొబ్బరి మిలట్రీకి కూడా పనికొచ్చిందన్నమాట" అన్నారు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. మౌనం పాటించమంటే ముక్తకంఠంతో "ఆయ్" అని జవాబు చెప్పే ఊరు మాది. ఆ పూట ఎవరూ అడక్కుండానే మౌనం పాటించింది.

"తొడుక్కోండి, ఫరవాలేదు" అన్నాను. 

ఆయన వినిపించుకోలేదు. పక్కనున్న జెండా కర్ర పట్టుకుని పైకెక్కాడు. జెండా ఎగిరింది. కుడి చేయి నుదుటికి వెళ్ళింది. ఒళ్ళు ఎడమకి ఒరిగింది. సర్దుకున్నాడు, మళ్ళీ ఒరిగింది. చివరికి ఎడమ చేత్తో కుర్చీ వీపు పట్టుకుని, జెండా తాడు కట్టేదాకా అలాగే వంకరగా నిలబడ్డాడు. చాప మీద కూచున్న పెద్దమ్మ తల వంచుకుంది, ఆయన్ని చూడకుండా ఉండాలని.

సభ అయ్యాక ఆవిడ మెట్టు దగ్గరికొచ్చి, ఆ పీచు ఉండ తీసి దుమ్ము దులిపి ఆయన చేతిలో పెట్టింది. తరవాత నన్ను చూసింది.

"మా వోడు తిరిగొచ్చినా ఇలాగే మెట్టు కాడ కూకోబెట్టేవోరా బాబూ?"

పదిహేను పర్యాయపదాలు తడుముకోకుండా చెప్పగల తెలుగు మాస్టర్ని, వెళ్ళి నల్లబల్ల మీది ఆ ఒక్క వాక్యం తుడిచేశాను. బూట్లు ఆయనవి, బూటకం నాది. పాదరక్ష అన్న మాట ఎన్నిసార్లు రాశానో, అది దేన్ని రక్షిస్తుందో ఆ పూట దాకా ఆలోచించలేదు.

వారం తరవాత క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాను. ఆయన నాకు మజ్జిగ ఇచ్చి, నన్నే ఓదార్చాడు.

"అడవిలో కాలికి పుండు పడిందండి. ఆస్పత్రిలో సగం తీసేసేరు. మీకేం తెలుసండి."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"రూలన్నారు కదండీ. మిలట్రీలో రూలంటే ఎదురడగడం అలవాటు లేదండి." నా చేతిలో ఖాళీ గ్లాసు అందుకుంటూ అన్నాడు: "పెద్దమ్మ ముందు తిన్నగా నిలబడలేకపోయేను. అదొక్కటేనండి."

ఆ "అదొక్కటే" నన్ను ఏడాది పొడుగునా నిద్రలో కూడా వదల్లేదు.

మళ్ళీ కాగితం వచ్చింది. ప్రెసిడెంటుగారు కబురంపి, ఈసారి వేదిక ఇంకో జానెడు ఎత్తుగా వేయించమన్నారు. ఆయన పొట్టి మనిషి. ఎత్తు మీద మక్కువ సహజం.

"బల్లలకి చెదలండి" అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆయన ముందు నేనాడిన మొదటి అబద్ధం. నిక్షేపంలాంటి బల్లలు, ముందురోజే గదిలో పెట్టి తాళం వేశాను.

వేదిక లేదు కనక మెట్టూ లేదు, నల్లబల్లా లేదు. జెండా కర్ర పక్కన ముందు వరసలో పెద్దమ్మకి కుర్చీ వేశాను. ఆయన బూట్లతో నడిచొచ్చి, ఆవిడకెదురుగా, నేల మీద, కొలబద్దలా తిన్నగా నిలబడి సెల్యూట్ చేశాడు. ఆవిడ తల వంచుకోలేదు. ప్రెసిడెంటుగారు కూడా ఆ నేల మీదే నిలబడి అరగంట ఉపన్యసించారు. మూడో వరస వెనకవాళ్ళకి ఆయన కండువా కూడా కనిపించలేదు. నిజానికి పగ తీర్చుకోవలసింది నా మీద. ఆ ధైర్యం లేక ఆయనతో సరిపెట్టుకున్నాను.

వెళ్ళేటప్పుడు ప్రెసిడెంటుగారు ముఖం ముడుచుకుని అడిగారు.

"ఆరు బల్లలకీ పట్టిందేమిటండీ చెద? ఎంతమేర తినేసింది?"

"ఎంతో లేదండి, సరిగ్గా తమరు కూచునే మేర" అన్నాను.