మొదటి దెబ్బ వెయ్యమన్నదెవరు?

1979 వానాకాలంలో నేను జంషెడ్‌పూర్ శివార్లలో, గోవింద్‌పూర్ వెళ్ళే దారిలో ఉన్న ఒక ఫోర్జింగు కర్మాగారంలో డై షాపు చార్జిమన్‌గా పనిచేస్తున్నాను. చార్జిమన్ అంటే ఫోర్‌మన్‌కు కింద, ఫిట్టర్లకు పైన. ఇద్దరి చేతా మాటలు పడే హోదా. ఎర్రగా కాల్చిన ఉక్కు ముక్కను రెండు అచ్చుల మధ్య పెట్టి పెద్ద యంత్రపు సుత్తితో కొడితే లారీ భాగం తయారవుతుంది. ఆ సుత్తిని హేమరనీ, అచ్చును డై అనీ అంటాం. షిఫ్టు మొదట్లో డైని గ్యాసు మంటతో గంటకు పైగా వెచ్చబెట్టాలి. చల్లటి డై మీద దెబ్బ పడితే అది పగిలిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా నుంచి పదో తరగతి చదువుతో వచ్చినవాణ్ణి. హిందీ వీధిలోనే వచ్చేసింది, ఇంగ్లీషు మాత్రం పట్టుబట్టి నేర్చుకున్నాను. జుగ్సలాయి బజారులో చిత్తుకాగితాల దుకాణంలో పాత ఇంగ్లీషు పత్రికలు తూకానికి దొరికేవి. వాటిలో రాజకీయ నాయకుల ఇంటర్వ్యూలు కత్తిరించి దాచుకునేవాణ్ణి. వ్యాసమైతే సగంలో దారి తప్పేవాణ్ణి. ఇంటర్వ్యూలో ముందే ప్రశ్న ఉంటుంది కనుక, జవాబులో తెలియని మాట వచ్చినా అర్థం ఊహకు అందేది. సాయంత్రం రేడియోలో మంత్రులు మాట్లాడినప్పుడు ఆ మాటలే చెవిన పడేవి: కేటగారికల్లీ, బేస్‌లెస్, అండర్ కన్సిడరేషన్. నోటు పుస్తకాలు రెండు నిండాయి. పప్పు తెచ్చారా అని మా ఆవిడ అడిగితే ఒకసారి అండర్ కన్సిడరేషన్, అంటే పరిశీలనలో ఉంది అన్నాను. "అయితే కూడు కూడా అందులోనే ఉంది, కూకోండి" అంది.

ఆ రోజుల్లోనే హేమరు ఆపరేటరు అప్పలస్వామికి చార్జిషీటు ఇచ్చి సస్పెండు చేశారు. డై వేడెక్కకముందే కొట్టి పగలగొట్టాడని అభియోగం. నిజానికి షిఫ్టు ఇన్‌చార్జి కొట్టమంటేనే కొట్టాడు. ఆ ఇన్‌చార్జి ఇప్పుడు నేననలేదంటున్నాడు. ఇలాంటప్పుడు కంపెనీలోనే విచారణ జరుగుతుంది. దాన్ని ఎంక్వయిరీ అంటారు. లాయరుకు ప్రవేశం లేదు. నిందితుడు తన తరఫున మాట్లాడటానికి ఒక సహోద్యోగిని తెచ్చుకోవచ్చు. అంతా ఇంగ్లీషులో టైపు చేస్తారు, ప్రతి పేజీ కింద అందరూ సంతకం పెట్టాలి. అప్పలస్వామి మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నియ్యా, నీకు ఇంగిలీసు వచ్చు. నా పక్కన కూకో. ఉజ్జోగం పోతే కంపెనీ కోటరు కూడా పోద్ది. పిల్లల్ని ఏటి సేత్తాను?"

కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే, పిలిచినందుకు లోపల పొంగిపోయాను కూడా.

మొదటి రోజు నోటు పుస్తకాల్లో ఉన్న సరుకంతా దింపాను. ఈ ఆరోపణ బేస్‌లెస్ అన్నాను, కేటగారికల్లీ ఖండిస్తున్నానన్నాను. ఎంక్వయిరీ ఆఫీసరు, వేరే విభాగం నుంచి వచ్చిన పెద్దమనిషి, ఓపిగ్గా విని, మీ ఇంగ్లీషు బాగుంది, ఆధారమేమిటి అని అడిగాడు. నేను మళ్ళీ బేస్‌లెస్ అన్నాను. టైపయిన రెండు పేజీల్లో అప్పలస్వామికి పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. బయటికొచ్చాక అతను నాకు టీ ఇప్పించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికెళ్ళి కత్తిరింపులు మళ్ళీ తీశాను. అప్పుడు తెలిసింది నా తెలివి. ఇన్నేళ్ళూ నేను వల్లెవేసింది జవాబులు. అవి తప్పించుకునేవాళ్ళ మాటలు. నేను కూర్చోవలసింది అడిగేవాడి కుర్చీలో. జవాబుల మీద అరచెయ్యి అడ్డం పెట్టి ప్రశ్నలు మాత్రం చదివాను. అన్నీ పొట్టివి. ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట. మంత్రి మాటలతో ఊరంతా తిరిగొచ్చినా విలేఖరి అదే ప్రశ్న మళ్ళీ అడిగేవాడు. వారం రోజులు అదే చదువు.

వారం తర్వాత, ఎంక్వయిరీ రెండో రోజున, ఇన్‌చార్జి సాక్షిగా వచ్చాడు. నేను ఒక్కటే అడిగాను: "హూ ఆర్డర్డ్ ద ఫస్ట్ బ్లో?" మొదటి దెబ్బ వెయ్యమన్నదెవరు? ఆయన తన ఇరవై ఏళ్ళ సర్వీసు గురించి చెప్పాడు. ప్రశ్న రాయండి, జవాబు రాలేదని కూడా రాయండి అని కోరాను. కంపెనీ తరఫు ఆఫీసరు అభ్యంతరం చెప్పాడు. ఎంక్వయిరీ ఆఫీసరు రాయమన్నాడు. మళ్ళీ అడిగాను. ఆపరేటర్లలో క్రమశిక్షణ తగ్గిపోతోందన్నాడు ఇన్‌చార్జి. దాని కిందా జవాబు రాలేదనే రాశారు. మూడోసారి అడిగితే నా వైపు చూడనే లేదు.

పేజీ సంతకానికి ఇన్‌చార్జి ముందుకొచ్చింది. ఒకే ప్రశ్న మూడుసార్లు, మూడింటి కిందా జవాబు లేదు అని. కలం మూత తీసి, పేజీని పైనుంచి కింది దాకా చదివాడు. సంతకం పెట్టకుండానే తలెత్తి హిందీలో అన్నాడు: "ట్రక్ గేట్ పర్ ఖడా థా. మైనే హీ కహా." గేటు దగ్గర ట్రక్కు సరుకు కోసం కాచుకుని ఉంది, నేనే చెప్పాను అని. టైపిస్టు ఆ మాటను ఇంగ్లీషులో కొట్టాడు. ఆయన సంతకం పెట్టాడు.

రెండు వారాలకు అభియోగం రుజువు కాలేదని ఉత్తర్వు వచ్చింది. అప్పలస్వామి మర్నాడే హేమరెక్కాడు.

"నువ్వడిగింది నాక్కూడా అర్తమైపోనాది అన్నియ్యా. అంత సిన్న ఇంగిలీసుకా ఇన్నాళ్ళు సదివినావు?" అన్నాడు.

అవును, అంత చిన్నదానికే. ఆ పేజీ మీద ఉన్న ప్రశ్న నాదని అప్పుడు గర్వపడ్డాను, ఇప్పుడూ పడుతున్నాను. ఫోర్‌మన్‌గా రిటైరయ్యే లోపు మరికొందరి పక్కన అలాగే కూర్చున్నాను. కొన్ని గెలిచాం, కొన్ని పోయాయి. తెలుసుకున్నది మాత్రం ఇదీ: తప్పించుకునేవాడికి చాలా మాటలు కావాలి, అడిగేవాడికి నాలుగు చాలు. ఆ నాలుగే మళ్ళీ మళ్ళీ అడగాలి. జవాబు రాకపోతే, రాలేదని కాగితం మీద రాయించాలి.