వాము ముట్టించే ముందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వాము దగ్గర చెడు మాట ఎత్తడం పెద్ద నేరం. మాది బచ్చన్నపేట పక్కన కుమ్మరి ఇల్లు. కుండలు కాల్చే వాముకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టామంటే, ఇక పగులుతుందేమో, చెడుతుందేమో అన్న మాట ఎవరి నోటా రాకూడదు. అంటే అయినట్టేనని మా చిన్నాయన నమ్మకం. మా నాయన తల్లికి, మేం బాపమ్మ అనేవాళ్లం, ఆ నమ్మకమంటే ఒళ్లు మంట.

ఆ ఏడు ఒక వాము సగానికి సగం పగిలిపోయింది. అందులో పెళ్లివారి ఐరేని కుండలున్నాయి. అవి రాకుండా మా వైపు పెళ్లి పందిట్లో ఏ పనీ మొదలుకాదు. ఊరి పెళ్లిళ్లకు వాటినిచ్చే గౌరవం తరతరాలుగా మా ఇంటిదే. మళ్లీ చేశాం. ఇవీ పగిలితే పెళ్లివారు పక్క ఊరి కుమ్మరింటికి పోతారు. మా నాయనకు అన్నం సహించడం లేదు.

రెండో వాము పేర్చే పొద్దున బాపమ్మ అందరినీ పచ్చికుండల ముందు కూర్చోబెట్టింది. "ఈ వాము ఎట్ల చెడిపోతదో తలా ఒకటి చెప్పుండ్రి" అంది.

చిన్నాయన అదిరిపడ్డాడు. "శుభమా అని పని పెట్టుకుంటే గిదేం మాటనే అవ్వ" అన్నాడు.

"పోయినసారి నోరు మూసుకునే ఉన్నం గద. దక్కినయా?" అంది బాపమ్మ. 

నాయన తడి ఆరని కుండల సంగతి ఎత్తాడు. అమ్మ పడమటి గాలి సంగతి చెప్పింది. ఎవరు ఏది చెప్పినా బాపమ్మ అడిగినవి ఈ మూడే. అట్లయితే ఎంత నష్టం, అది ఎప్పుడో అయ్యేదా మాటిమాటికీ అయ్యేదా, అయ్యేముందు మనకు తెలుస్తుందా? తడికుండను చెంపకు ఆనిస్తే చల్లగా తగిలి తెలిసిపోతుంది. గాలికి తడక అడ్డం పెట్టొచ్చు.

నా వంతు వచ్చింది. చిన్నాయన చేతికొక కుండ చొప్పున అంచు పట్టుకుని మోసుకొస్తాడని, పచ్చి అంచు చిట్లినా పైకి కనబడదేమోనని ఎలాగో చెప్పేశాను. ఆయన గుడ్లురిమి చూశాడు. బాపమ్మ ఆయన వైపే తిరిగింది.

"చెప్పినోళ్ల మీద గుడ్లురిమితే రేపటిసంది ఎవ్వలు చెప్పరు. అన్నిట్ల పెద్ద ఆపద గదే" అంది.

నిజానికి నేను చెప్పిన అంచు చిట్లు మంటలో పడ్డాక గానీ బయటపడని లోపం. చిట్లు ఉంటే తడి పీల్చి కనబడుతుందని తడిబట్టతో అంచులన్నీ తుడిచాం. ఐరేని కుండల్లో ఒకదాని అంచున వెంట్రుకంత గీత నల్లగా తేలింది. చిన్నాయనే దాన్ని తీసేసి, బాపమ్మ పట్టుబట్టి అదనంగా చేయించిన కుండను దాని చోట పెట్టాడు. పెళ్లికుండలను వాము నడిమధ్యన, మామూలు కుండలను గాలి తగిలే వైపు పేర్చారు. వాము విప్పితే చుట్టూ ఉన్నవి కొన్ని పగిలాయి గానీ, ఐరేని కుండలు ఒక్కటీ చెక్కుచెదరలేదు. "పగిలేటియి పగిలినయి, పగలొద్దన్నయి దక్కినయి" అని బాపమ్మ చేతులు దులుపుకుంది. నాకైతే ఆ రోజంతా కాలు నేల మీద నిలవలేదు.

ఇప్పుడు నేనే బాపమ్మనయ్యాను. భూపాలపల్లి దగ్గర బూడిద ఇటుకల కార్ఖానా నడుపుతున్నాను. ఈ పూట ఏది చెడిపోవచ్చో పనివాళ్లందరూ చెప్పనిదే మిషన్ స్విచ్ మీద చెయ్యి వేయనివ్వను. ముసలిదానికి చాదస్తమని వెనక నవ్వుకునేవాళ్లున్నారు. నవ్వుకోనీ.

మొన్న, మహబూబాబాద్ నుంచి కొత్తగా పనికి వచ్చిన పిల్ల తన వంతు రాగానే తల వంచుకుని నసిగింది. ఏమీ అననులే చెప్పు బిడ్డా అన్నాను.

"మీ కొంగే అవ్వ. మిషన్ బెల్టు కాడికి పోతాంది" అంది.

అందరి ముందూ అనేసరికి నాకు చుర్రుమంది. కళ్లు ఉరమబోయాను కూడా. అంతలో చిన్నాయన చూపు గుర్తొచ్చింది. కొంగు తీసి నడుముకు బిగించి దోపుకున్నాను.

"ఇంకేమున్నయి, చెప్పుండ్రి" అన్నాను.