జ్వరం మాట

ఫణీంద్రకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. రాజమండ్రిలో ఇంట్లో ఉన్నా గుమ్మంలోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉంటాడు. మందుల కంపెనీలో ప్రచారం ఉద్యోగం వచ్చాక ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. టీ తెప్పించుకుని తాగడం మరిచిపోతాడు, మైకుని మాటిమాటికీ జేబురుమాలుతో తుడుస్తాడు, ఎవరు దగ్గినా ఉలిక్కిపడి అటు చూస్తాడు. ఆ వేసవిలో ఉప్పాడ దగ్గర జాలరిపేటలో బోదకాలుకి కొత్తగా వచ్చిన మాత్ర పంచే పని అతని మీద పడింది. అంతకుముందే పక్కపేటలో ఆ మాత్ర మింగినవాళ్లకి జ్వరాలొస్తే, మిగతావాళ్లు భయపడి తమ మాత్రల్ని సముద్రంలో పారేశారు. "జ్వరం మాట ఎత్తావో, ఉద్యోగం మర్చిపో," అన్నాడు మేనేజరు.

"ఏ ఇబ్బందీ ఉండదండి," అని ఫణీంద్ర మైకులో ఊదరగొడుతుంటే, చేపలమ్ముకునే నూకరత్నం వాచిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"జొరం వత్తాదా, రాదా? నిజం చెప్పండి బాబూ."

ఫణీంద్ర జీపులో కూర్చున్న మేనేజరు వైపు చూసి, మైకు కట్టేశాడు. "వస్తుందండి. ఒంట్లో పురుగులు చచ్చేటప్పుడు వస్తుంది. రెండ్రోజుల్లో తగ్గిపోతుంది," అన్నాడు గొంతు తగ్గించి.

"నా ఒక్కదానికి చెబితే ఏం లాభమండి? పేటంతటికీ చెప్పండి."

ఫణీంద్ర మైకుని జేబురుమాలుతో ఓసారి తుడిచి, మళ్లీ ఆన్ చేసి, ఆ మాటే అందరికీ వినపడేలా చెప్పేశాడు. మేనేజరు జీపు దిగి విసురుగా వచ్చేలోపే నూకరత్నం మాత్ర కోసం చెయ్యి చాపింది.