మా అవ్వ ఆపని రైలు

ఆ కాలంలో మా లక్సెట్టిపేటకు రైలు లేదు. ఇప్పుడూ లేదు, అది వేరే సంగతి. రైలు చూడాలంటే మంచిర్యాల దాకా పోవాలి. చూసి వచ్చినవాళ్లు వారం రోజులు దాని ముచ్చటే చెప్పేవారు. (ఎక్కి వచ్చినవాళ్లు నెల రోజులు చెప్పేవారు, వినేవాళ్లు దొరక్కపోతే బర్రెలకు చెప్పేవారు.) అలాంటి ఊళ్లో రైలు నడిపించినవాణ్ణి నేను. హైస్కూలు సైన్సు గదిలో బల్లలు జతచేస్తే ఎంత దూరమో అంత దూరం నడిచిన రైలు అది. దాని గురించి మా చుట్టాలందరికీ ఒక కథ తెలుసు: "సారు రైలు కట్టిండు, వాళ్ల అవ్వ పైసేసి ఆపింది" అని. (మా దిక్కు అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న.) పెండ్లిళ్లలో, పండుగల్లో ఆ కథ చెప్పి అందరినీ నవ్వించింది నేనే. కథంతా నిజమే, ఒక్క ముక్క తప్ప. ఆ ఒక్క ముక్కా నేను పెట్టిందే కాబట్టి, తలకు రంగు వేసుకోవడం మానేసిన ఈ వయసులో దాన్ని తీసేద్దామని కూర్చున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లయింది. నేను ఆ బడిలో టెంపరరీ సైన్సు సారును. బాపు మగ్గం మీద బతికినవాడు. చూపు మసకబారి మగ్గం దిగాక మా ఇంటి పొయ్యి నా జీతం మీదే మండేది. ఇన్‌స్పెక్టరు వచ్చి, నా పాఠం చూసి, "సరే" అంటే నౌకరి ఖాయం. అనకపోతే వేసవి సెలవుల తర్వాత ఆ కుర్చీలో ఇంకొకరు. మా హెడ్మాస్టరును అందరం పెద్దసారు అనేవాళ్లం. ఉర్దూలో చదువుకుని, తెలుగులో కోప్పడి, రెండింటిలోనూ ప్రేమించే మనిషి. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, "సునో మియా, ఇన్‌స్పెక్టర్ సాబ్ కొత్తాయన. కోస్తా దిక్కు నుంచి వచ్చిండు. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద గీస్తే కుర్చీలనే కునుకు తీస్తడట. ఏదన్న కదిలేది చేసి చూపియ్యి. జర నీ ఫికర్ నువ్వే చేసుకోవాలె" అన్నారు. కదిలేది అనగానే నాకు రైలు తట్టింది. (ఇంకొకడైతే నీటిచక్రం చేసేవాడు. సుఖపడేవాడు.)

రైలంటే మళ్లీ ఏదో ఒక రైలు కాదు, మా రైలే కావాలనుకున్నాను. నిజాం కాలంలో కాజీపేట నుంచి బల్లార్షా వైపు అడవి నరుక్కుంటూ వేసిన లైను. అందులో రామగుండం దాటాక గోదావరి బ్రిడ్జి, ఆవల మంచిర్యాల, ఆపైన బెల్లంపల్లి బొగ్గు గనులు. అంత ముక్క చాలు. ఈ పట్టుదలకు కారణం మా అవ్వ. ఆ బ్రిడ్జి దగ్గర కట్ట పోసేటప్పుడు అవ్వ తల్లిదండ్రులు మట్టి మోశారు. లంగా కట్టుకునే పిల్ల అయిన అవ్వ కూడా తనంత తట్ట నెత్తిన పెట్టుకుని మోసిందట. నేను రైలు కడుతున్నానని తెలిసిన రోజు బియ్యం చెరుగుతూ ఆ కథ మళ్లీ చెప్పింది.

"ఇంజిను మొదటిసారి వచ్చిన పొద్దు నేను ఆడనే ఉన్నరా. ఉరికొచ్చి బ్రిడ్జి నడిమిట్ల ఆగింది. ఇగ కదలదు. దొర దిగిండు, గిట్ల చూసిండు, గట్ల చూసిండు. మా అవ్వ అన్నది గదా, 'గోదారమ్మకు చెప్పకుంట దాటుతరా? పట్టుకున్నది తల్లి' అని. ఉన్నకాడికి అందరం పైసలేసినం. ఏసినంక కూ అని పోయింది."

"అవ్వా, బ్రిడ్జి బరువు ఓపుతదా లేదా అని పరీక్ష చేసేటందుకు ఆపుతరు. దానికో లెక్క ఉంటది" అన్నాను. సైన్సు సారును కదా మరి.

"నీ లెక్క నీది, మా పైస మాది" అని అవ్వ చేటను ఒక్కసారి ఎగరేసింది. పొట్టంతా నా మీద పడింది.

ఇక కట్టడం మొదలుపెట్టాం. పట్టాలకు గొడుగు పుల్లలు. ఊళ్లో విరిగిన గొడుగు కనిపిస్తే తెమ్మని పిల్లలకు చెప్పాను. కుప్పలు కుప్పలుగా తెచ్చారు. మా ఊళ్లో ఇన్ని గొడుగులు ఎట్లా విరిగాయా అని ఆశ్చర్యపోయాను గాని, విరగనివాటిని విరిచి తెచ్చారన్న సంగతి మొదటి వాన పడ్డాక తల్లిదండ్రులు బడికి వచ్చి చెబితే తెలిసింది. చక్రాలకు బాపు మూలన పడేసిన, నూలు చుట్టే కట్టె కండెలను బిళ్లలుగా కోసి రాగిరేకు చుట్టాం. ఇంజనూ డబ్బాలూ నిర్మల్ బొమ్మలు చేసే మెత్తటి పొణికి కట్టెతో మా డ్రాయింగు సారు చెక్కి ఇచ్చారు. ఇంజను కడుపులో హైదరాబాదు నుంచి తెప్పించిన బొమ్మ మోటారు. కరెంటు మాత్రం టార్చిలైటు సెల్లులది. వెదురు గొట్టంలో వాటిని వరసగా కూర్చి, రెండు తీగలు రెండు పట్టాలకు కలిపాను. ఒక పట్టా గుండా వచ్చిన కరెంటు మోటారులో దూరి, రెండో పట్టా గుండా ఇంటికి పోవాలి. బెల్లంపల్లి దగ్గర నిజం బొగ్గు పోశాం. గోదావరికి ఒక రేకు పళ్లెం పెట్టి, నీళ్ల కింద నీలం కాగితం పరుద్దామనుకుంటే అవ్వ ఒప్పుకోలేదు. చెంబు పట్టుకుని ఊరి పక్కనున్న గోదావరికే పోయి నీళ్లు తెచ్చి పోసి, చిటికెడు పసుపు చల్లి, "ఇగ గోదారయింది" అన్నది. బడిలో నీళ్లు ఎత్తుకొచ్చే ఆయా అటువైపు పోయినప్పుడల్లా చెప్పులు విడవడం ఆనాటి నుంచే మొదలైంది.

రైలును ముట్టుకుంటే చేతులు విరుస్తానని పిల్లలను బెదిరించాను. "సెల్లులు అయిపోతయిరా, సాబ్ వచ్చినంకనే నడిపేది" అన్నాను. వాళ్లు పాపం గదికి ఆమడ దూరంలో నిలబడి చూశారు. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వస్తారనగా, పొద్దున్నే నేను కొత్త సెల్లులు వేసి, ఒక్కసారి సరిచూసుకుందామని గది గొళ్లెం పెట్టుకున్నాను. రైలు రామగుండంలో బయలుదేరింది. గోదావరి దాటింది. మంచిర్యాలలో ఆగింది. ఎంత ముద్దుగా పోయిందంటే, నా కళ్లను నేనే నమ్మలేక ఇంకొకసారి నడిపాను. ఆ తర్వాత నమ్మకం కుదిరింది గాని ఆశ తీరలేదు. డ్రైవరును నేనే, గార్డును నేనే, మంచిర్యాల ప్లాట్‌ఫారం మీద "చాయ్, చాయ్ గరం" అని తిరిగింది నేనే. బ్రిడ్జి మీదికి రాగానే నోటితో కూ అన్నాను. బయటి నుంచి అటెండరు తలుపు కొట్టి, "సార్, లోపల పిలగాండ్లెవరో కూతలు పెడుతున్నరు, చెవులు పిండి పంపుండ్రి" అన్నాడు. "ఎవరూ లేరు, పో" అన్నాను, గొంతు పెద్దది చేసి. చివరికి రైలు అలసిన ఎద్దులా నడవడం మొదలుపెట్టాక గాని నాకు తెలివి రాలేదు. వేరే సెల్లులు కొనుక్కొద్దామని గొళ్లెం తీసేసరికి బడి ముందు జీపు ఆగింది. మధ్యాహ్నం రావలసిన మనిషి ముందే వచ్చారు.

ఇన్‌స్పెక్టరు సన్నగా, తెల్లగా, చేతిలో గొడుగుతో దిగారు. పిల్లల చూపంతా ఆ గొడుగు మీదే పడింది. పెద్దసారు ఆయనను సైన్సు గదిలోకి తీసుకొచ్చారు. వెనక పిల్లలు, వాళ్ల తల్లులు, నాకు సద్ది తెచ్చిన మా అవ్వ. అవ్వ సరిగ్గా గోదావరి ఒడ్డున నిలబడింది. నేను ముక్కోటి దేవతలకు మొక్కి తీగ కలిపాను. రైలు కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బ్రిడ్జి ఎక్కింది. ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సవరించుకుని వంగారు. బ్రిడ్జి నడుమకు వచ్చి, ఒక్క మూలుగు మూలిగి, ఆగింది.

చప్పట్లు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆగిందని అప్పటికి తెలిసింది నాకూ అవ్వకూ మాత్రమే. ఆమె మొహం వెలిగిపోయింది. "అగో, పట్టుకున్నది తల్లి!" అంటూ రొండిన దోపుకున్న తిత్తి తీసి, అప్పటికే చెల్లకుండా పోయిన నిజాం కాలపు వెండి రూపాయి, ఎంత కరువులోనూ అమ్మని బిళ్ల, కళ్లకద్దుకుని గోదావరిలోకి విసిరింది. అది నీళ్లలో పడలేదు. ఇంజను ముందర రెండు పట్టాల మీద అడ్డంగా, కొలిచి కోసినట్టు కూర్చుంది. అవ్వ వేయగానే వెనక ఉన్న తల్లులు ఊరుకుంటారా? పైసలు, పూలు, ఒకామె జామకాయ కూడా వేసింది. "అరె రోకో! రోకో అమ్మా! గిది ఉత్త బొమ్మ!" అని పెద్దసారు చేతులు అడ్డంపెట్టారు.

"ఏమైందండీ? ఎందుకాగిపోయింది?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"ఆ అవ్వ పైసేసింది సార్, ఆగింది" అన్నాడు ఒక పిల్లవాడు.

అందరూ అవ్వ వైపు చూశారు. నేను ఆ బిళ్ల వైపు చూశాను. మునిగేవాడికి గడ్డిపోచ దొరికిందంటారు, నాకు వెండిదే దొరికింది. "షార్ట్ సర్క్యూట్ సార్" అన్నాను. "కరెంటు సోమరిపోతు సార్. కంచెలో సందు దొరికిన పిల్లగాడు గేటు దాకా తిరిగి పోడు కదా. అట్లనే మోటారులో దూరి కష్టపడే బదులు ఈ వెండి బిళ్ల మీదుగా అటు నుంచి అటే దాటిపోయింది."

ఇన్‌స్పెక్టరు మొహం విచ్చుకుంది. "ఎంత తేలిగ్గా చెప్పారండీ! నడిచే రైలు కన్నా ఆగిన రైలే మంచి పాఠం చెప్పింది" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఏదీ, ఆ బిళ్ల తీసేసి మళ్లీ నడపండి, పిల్లలు చూస్తారు" అన్నారు.

బిళ్ల తీశాను. రైలు కదల్లేదు. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి కావాలి. "షార్ట్ అయితే సెల్లుల బలమంతా ఒక్కసారే అయిపోతుంది సార్" అన్నాను. "అవునవును, నిజమే" అని ఆయనే తల ఊపారు. పెద్దసారు మాత్రం నా నౌకరి పోయిందనే అనుకున్నారు. "ఏం పనిచేసినవమ్మా! బంగారమసొంటి రైలును ఆపితివి గదా. కొడుకు కడుపు మీద కొడితివి" అన్నారు. అవ్వ తెల్లబోయింది. "నేను ఆపుడేంది సారూ? అది ఆగినంకనే గదా నేను..." అని మొదలుపెట్టి నా వైపు చూసింది. నేను ఏమన్నానో చెప్పాలి. అందుకే ఇదంతా రాస్తున్నది. "అవ్వా, నీకు తెల్వదు, నువ్వు ఇంటికి పో" అన్నాను. సద్దిమూట బల్ల మీద పెట్టి, తడిసిన పూలు కొన్ని పట్టాల మీద నుంచి ఏరి, అవ్వ వెళ్లిపోయింది.

నౌకరి ఖాయమైంది. ఆ జీతంతోనే బాపు కళ్లకు ఆపరేషన్ చేయించాం, తమ్ముణ్ణి చదివించాం, ఇన్నేళ్లు తిన్నాం. అవ్వకు దక్కింది "రైలవ్వ" అన్న పేరు. బజారులో పోతుంటే పిల్లలు కూ అనేవారు. మంచిర్యాల బస్సు కండక్టరు, "అవ్వా, పైస నా చేతిలో పెట్టు. టైరు కింద ఏసేవు, బండి ఆగుతది" అనేవాడు. అవ్వ నవ్వి ఊరుకునేది. నేను ఆ కథను ఏటికేడు సాన పెడుతూ పోయాను. నా కథలో ఆ బిళ్ల చివరికి తాంబాళమంత అయింది.

మొన్న మంచిర్యాలలో మా తమ్ముని కొత్తింటి దావత్. తిన్నాక పిల్లలు రైలు కథ చెప్పమన్నారు. అవ్వ తలుపు పక్కన గోడకు చేరగిలి ఉంది. ఆమె తల ఎన్నడో ముగ్గుబుట్టయింది. ఎందుకో ఆ రోజు నోరు పాతదారిన పోలేదు. "అరేయ్, అవ్వ రైలు ఆపలేదు. పొద్దుగాల నేనే ఆడి ఆడి సెల్లులు ఖతం చేసిన. రైలు ముందే ఆగింది. అవ్వ మీద పెట్టి నేను తప్పించుకున్న" అని చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. పిల్లల మొహాలు ముడుచుకుపోయాయి. నా గుండె మాత్రం తేలికపడింది, అవ్వ ఇక కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను.

"ఏందిరా వీని లొల్లి?" అన్నది అవ్వ. "ఇన్నేండ్ల సంది నేనాపిన రైలు ఇప్పుడు ఉత్తగనే ఆగిందా? మన ఊళ్లె రైలును ఆపినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?"

"అవ్వా, ఆ పొద్దు నువ్వే అంటివి గదా, ఆగినంకనే ఏసిన అని."

"అన్న. తెల్వక అన్న. అటెన్క నువ్వే గదరా ఇవరంగ చెప్పినవు, కరెంటుకు సందు దొరికింది, బిళ్ల మీదికెళ్లి ఉరికింది అని. గంత పెద్ద సాబ్ తలూపిండు. సారు చెప్పినంక అబద్దమెట్లయితది?"

పిల్లలకు ప్రాణం లేచివచ్చింది. అందరూ వెళ్లి ఆమె చుట్టూ కూర్చున్నారు. కథ మొదటి నుంచి అవ్వే చెప్పింది. కరెంటు సోమరిపోతుతనం, కంచె సందు, మోటారు, రెండో పట్టా, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. నేను గోడవారన నిలబడి విన్నాను. ఎన్ని తరగతులకు పాఠాలు చెప్పానో లెక్కలేదు, ఇంత శ్రద్ధగా విని ఇంత కాలం గుర్తుపెట్టుకున్న విద్యార్థి ఇంకొకరు దొరకలేదు. అవ్వకు నేను చెప్పింది ఆ ఒక్క పాఠమే. అది తప్పు పాఠం.