మా అత్త చేతికి అందని గడ్డ

“పుట్టుకతోనే ఉందమ్మా ఇది” అని శ్రీకాకుళం డాక్టరు గారు అన్నప్పుడు, ముందు మీ కళ్లజోడు మార్చుకోండి అనాలనిపించింది. ఏడేళ్లుగా ఆ పిల్లకి అన్నం పెట్టి, జడలేసి, మెడకి పౌడరు రాసిన తల్లిని నేను. జలుబు చేసి తగ్గాక నడిగొంతులో రేగిపండంత గడ్డ తేలింది. అంతకుముందు అక్కడ ఏమీ లేదు. లేనిది పుట్టుకతో ఎలా ఉంటుంది?

అప్పటికే ఇంట్లో ఒక వైద్యం అయిపోయింది. గవదబిళ్లలని మా అత్త తేల్చేసి, తన బంగారు గొలుసు తీసి పిల్ల మెడలో వేసింది. బంగారం తగిలితే గవదలు తగ్గుతాయని నమ్మకం. గవదలైతే దవడల కింద కదా ఉండాలి, గొంతు మధ్యలో ఏమిటి అన్నాను. “నువ్వు పుట్టకముందు నుంచి సూస్తన్నాను ఇలాటివి” అంది. పదిరోజులు గొలుసూ ఉంది, గడ్డా ఉంది.

ఆమెకి ఎదురు చెప్పడం కష్టం. కోటబొమ్మాళిలో మా వీధిలో పుట్టిన పిల్లలందరికీ ఆమే నీళ్లు పోసింది. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డని వాటిమీద పడుకోబెట్టి, నూనె రాసి, మెడ మడతల్లో వేలు పెట్టి కడుగుతుంది. బిడ్డకి ఎక్కడ తేడా ఉన్నా ఆమె చేతికి తెలిసిపోతుందని వీధంతా అనుకునేవారు. నేనూ అనుకునేదాన్ని.

డాక్టరు గారు పిల్లని నాలుక చాపమన్నారు. చాపింది. గడ్డ పైకి జరిగింది! నాలుక లోపలికి తీసుకుంటే మళ్లీ దిగింది. మెడలో గడ్డకీ నాలుకకీ ఏమిటి సంబంధం? ఆయన ఓపిగ్గానే చెప్పారు. తల్లి కడుపులో ఉండగా థైరాయిడ్ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుందట. దిగిన దారి తర్వాత మూసుకుపోవాలట. అలా మూసుకోకపోతే ఎప్పుడో ఒకప్పుడు అందులో నీరు చేరి బుడగలా తేలుతుందట. కేన్సర్ కాదు, భయపడొద్దు అన్నారు. హమ్మయ్య అనుకునేలోపే ఆపరేషన్ అన్నారు. భయం లేనిదాన్ని కొయ్యడం దేనికండీ అంటే, చీము పడితే ఇబ్బందట. ముందు స్కానింగ్ తీసి, అసలు గ్రంథి దాని చోట ఉందో లేదో చూడాలట. బుడగ ఒక్కటీ తీస్తే మళ్లీ రావచ్చట. అందుకని ఆ దారినీ, దారిలో ఉన్న చిన్న ఎముక నడిమి ముక్కనీ కూడా తియ్యాలట. ఎముక అనగానే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది.

“రోజూ నీళ్లు పోసిన మా అత్త చేతికి తెలియదా అండీ?” అని అడిగాను.

“ఆ దారి దారం కన్నా సన్నగా ఉంటుందమ్మా, అదీ లోపలెక్కడో. ఏ చేతికీ తెలియదు. నా చేతికైనా తెలియదు” అన్నారు.

ఇంటికొచ్చి నాకర్థమైనంత చెప్పాను. మా అత్త ఎముక గురించి అడగలేదు, ఆపరేషన్ గురించీ అడగలేదు.

“పుట్టుకతోటా? అయితే నాను నీల్లు పోసినపుడు ఉన్నాదంటావా?”

“అలాగే అన్నారు” అన్నాను.

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. డాక్టరు గారు చివర చెప్పిన మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గొలుసు వేసి పదిరోజులు పాడు చేసిందన్న కోపమో, ఇంత గందరగోళంలో ఎవరిదో ఒకరిది తప్పయితే మనసుకి తెరిపిగా ఉంటుందనో నాకు తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్కానింగ్‌లో గ్రంథి దాని చోటే ఉంది. ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగోరోజుకే పిల్ల ఇడ్లీ వద్దని పేచీ పెట్టింది. మెడ మీద సన్నటి గీత మిగిలింది.

తర్వాత కొన్నాళ్లకి ఎదురింటావిడ వచ్చింది. కూతుర్ని, పురిటిబిడ్డని ఆసుపత్రి నుంచి తెచ్చారట, నీళ్లు పొయ్యడానికి రమ్మంది.

“నావల్ల కాదమ్మా. నా సేతులకేటీ తెలీడం నేదు. మరొకల్ని సూసుకోండి” అంది మా అత్త.

ఎదురింటావిడ తెల్లబోయి వెళ్లిపోయింది. నేను వెళ్లి అత్త పక్కన కూర్చుని, ఏ చేతికీ తెలియదని డాక్టరు గారు అన్న మాట అప్పుడు చెప్పాను, తన చేతికైనా తెలియదన్న మాటతో సహా.

“ఎప్పుడు సెప్పినాడా మాట?”

“మొదటి రోజే అత్తా.”

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“అయితే ఇన్నాల్లూ నన్ను సూస్తా ఊరుకున్నావేటే?” అంది.